గోడల మీద జైరాం

యూసుఫ్‌గూడ, హైదరాబాద్
నవంబర్ 8

యశోద గారికి,

శాంతికుమార్ నమస్కారాలు. కవరు మీద నా చేతిరాత గుర్తుపట్టి కూడా చింపేయకుండా తెరిచినందుకు ముందే థాంక్స్ చెబుతున్నాను. మీ నంబరు మారిందో, నా నంబరే మీ ఫోన్లోకి రావడం మానేసిందో తెలియదు. మీరు ఇప్పుడు మీ గూడెం సబ్‌సెంటర్‌లోనే నర్సుగా ఉన్నారని ఆశా వర్కర్ జంపక్క చెప్పింది. అడ్రస్ కూడా ఆమెను బతిమాలితేనే వచ్చింది. ఆమెను ఏమీ అనకండి.

అసలు సంగతి. ఐదేళ్లుగా కథలు చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే చివరికి ఒకటి ఒప్పుకున్నారు. క్రైమ్ థ్రిల్లర్. కథ, మాటలు నావి. డైరెక్టర్ పక్కన అసోసియేట్‌గా కూడా నేనే. ఒక కాంట్రాక్టర్ హత్యకు గురవుతాడు. ఆయన కూతురు ప్రేమించింది అడవిలో తేనె తీసే కుర్రవాణ్ణి. డబ్బున్న పిల్ల, పేద పిల్లాడు, పాత చింతకాయ పచ్చడే అంటారేమో. కానీ హత్య ఎవరు చేశారో ఆఖరి పది నిమిషాల దాకా తెలియదు. పోలీసులు వెతికే మనిషి తెర మీద ఒక్కసారి కూడా కనిపించడు, గోడల మీద పోస్టర్లలో మాత్రమే ఉంటాడు. ఆ ఆలోచన మా డైరెక్టర్‌కి బాగా పట్టింది.

జనవరిలో షూటింగ్. మీ గూడెం, పక్కన వాగు, అశ్వారావుపేట రోడ్డు మీద పామాయిల్ తోటలు, అన్నీ కథకు సరిపోతాయి. ఒక ఇల్లు వారం రోజులు కిరాయికి కావాలి. గుంపు సీన్లకు నలభై మంది కావాలి. మీరు ఒక్క మాట చెబితే ఊరు వింటుంది. పాత సంగతులు మనసులో పెట్టుకోకండి. అప్పుడు ఇద్దరం చిన్నవాళ్లం.

మీ అమ్మ కన్నమ్మ గారినీ, మీ తమ్ముడు జైరాంనీ అడిగానని చెప్పండి.

శాంతికుమార్

*

గూడెం
నవంబర్ 24

రైటర్ గారికి,

భద్రాచలంలో చదువుకున్న మూడేళ్లూ నన్ను ‘ఏమే’ అని పిలిచిన మనిషికి నేను ‘గారు’ ఎప్పుడయ్యానా అనుకుంటూ చదివాను. కిందికి వస్తే ఇల్లు కిరాయికి కావాలని ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అంటారు కదా. నేను మాత్రం ‘నువ్వు’ అనే రాస్తాను, నాకు నీతో దాటాల్సిన ఏరు లేదు.

నీ నంబరు దానంతట అది మానలేదు, నేనే మాన్పించాను. ఏదైనా ఉంటే ఉత్తరమే రాయి. ఫోన్లో నువ్వు అన్న మాట సాయంత్రానికి నీకే గుర్తుండదు.

పెద్దలను అడిగాను. పత్తి తీతలు అయిపోతాయి కాబట్టి జనవరిలో సరే అన్నారు. మా వేల్పుల గుడిసె వైపు కెమెరా తిప్పకూడదు. గుంపులోకి వచ్చినవాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలి. ఇల్లు మా అమ్మ ఇస్తానంది. “సినిమావోళ్లు మనింట్లనే దిగుతరంట” అని నీళ్ల దగ్గర, సంతలో, కనిపించిన ప్రతి మనిషికీ చెబుతోంది. గోడలకు ఇప్పటినుంచే సున్నం కొట్టిస్తోంది.

జైరాం ఒక తోట ఆసామి దగ్గర ట్రాక్టర్ నడుపుతున్నాడు, పామాయిల్ గెలలు మిల్లుకు తోలతాడు. ములకలపల్లి దగ్గరి నాగలతతో పెళ్లి కుదిరింది. ఎండాకాలంలో చేద్దామనుకుంటున్నాం. మా నాన్న పోయాక ఈ ఇంట్లో జరిగే మొదటి మంచి పని అది.

మీరు షూటింగ్‌కు దిగే వారం నేను ట్రైనింగ్‌కి భద్రాచలం పోతున్నాను. నువ్వు వచ్చేసరికి ఇంట్లో ఉండను.

ఒకటి అడుగుతాను. నీ సినిమాలో డబ్బున్న పిల్ల, పేద పిల్లాడు ఉన్నారు కదా. ఎవరు ఎవరిని వదిలేస్తారు?

యశోద

*

యూసుఫ్‌గూడ
ఫిబ్రవరి 11

యశోదా,

నువ్వు ‘నువ్వు’ అన్నావు కాబట్టి నేనూ ధైర్యం చేస్తున్నాను. షూటింగ్ అనుకున్న దానికంటే బాగా జరిగింది. మీ అమ్మ యూనిట్ మొత్తానికి ఇప్పపూల లడ్డూలు పెట్టింది. మా హీరో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి ముల్లు గుచ్చుకుని కూర్చుంటే ఆమే సూదితో తీసింది. “గీ పిలగాడు అడివిల తేనె తీస్తడా” అని నవ్వింది. హీరో కూడా నవ్వాడు, అర్థం కాక.

ఆమె నన్ను చూసి “నువ్వు మా యశోద తోటి సదువుకున్నవాడివి కదా” అంది. అవునన్నాను. అంతకంటే అడగలేదు.

నీ ప్రశ్నకు జవాబు. ఎవరూ ఎవరినీ వదలరు. అబ్బాయి తేనె సీసా పట్టుకుని కాంట్రాక్టర్ ఇంటికి వస్తాడు. తండ్రి “ఎవడు వీడు” అంటే అమ్మాయి గుమ్మంలో నిలబడి “ఈయన నా మనిషి” అంటుంది. ఆ షాట్ అయ్యాక లైట్‌మెన్ కూడా చప్పట్లు కొట్టారు. నేను రాసిన మాటకు చప్పట్లు పడడం నాకు అదే మొదలు.

ఆఖరి రోజు పోస్టర్ల సీన్లు. మూడు రోడ్ల దగ్గర, బస్ షెల్టర్‌కి, కల్వర్టులకు అతికించి తీశాం. పొద్దు వాలుతోందని హడావుడిగా సర్దుకుని బయల్దేరాం. అందరికీ చెప్పి రావడం కుదరలేదు, మీ అమ్మకు చెప్పు.

శాంతి

*

గూడెం
మార్చి 18

శాంతికుమార్,

మీరు అతికించిన పోస్టర్లు ఎవరూ పీకలేదు. మూడు రోడ్ల దగ్గర, బస్ షెల్టర్‌కి, నాలుగు కల్వర్టులకు అట్లాగే ఉన్నాయి. వాటి మీద ఉన్నది మా జైరాం.

పేరు వేరే ఉంది. పైన ఎర్ర అక్షరాల్లో ‘హత్య కేసులో నిందితుడు’ అని, కింద ‘ఆచూకీ తెలిపినవారికి బహుమతి’ అని ఉంది. మధ్యలో నా తమ్ముడి మొహం. ఎండ కళ్లలో పడి మొహం చిట్లించుకుంటే దాన్ని నలుపు చేసి హంతకుడి చూపు చేశారు.

గూడెంలో అందరికీ అది సినిమా అని తెలుసు. బయటివాళ్లకు తెలియదు. బస్సులో పోతూ ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ‘ఇతను కనిపిస్తే పట్టించండి’ అని అశ్వారావుపేట దాకా తిరిగింది. జైరాం చాకు తీసుకుని పట్టపగలే పోస్టర్ గీకుతుంటే ఎవరో దాన్నీ వీడియో తీసి, ‘నిందితుడు తన పోస్టర్లు తానే చించేస్తున్నాడు’ అని పెట్టారు. స్టేషన్‌కి వాడే పోయాడు. వాళ్లు మంచిగానే మాట్లాడి, అటువంటి కేసేదీ లేదని పంపించారు. కానీ వాడు స్టేషన్ మెట్లు దిగడం చూసినవాళ్లకు ఆ మాట వినబడదు కదా.

తోట ఆసామి “కొన్నాళ్లు రాకురా” అన్నాడు. నాగలత వాళ్ల నాన్న పెళ్లి మాట ఎత్తడం లేదు.

అమ్మ సంగతి ఇంకా బాగోలేదు. అదే ఫొటో మా గోడ మీద కూడా ఉంది, నేను భద్రాచలంలో ప్రింట్ వేయించి ఇచ్చాను. ఇల్లు సర్దేటప్పుడు మీవాళ్లు దాన్ని దించి, మళ్లీ తగిలించారు. అప్పుడే సెల్‌లో తీసుకున్నారని, వాళ్లను ఇంట్లోకి రానిచ్చింది తనే కాబట్టి తప్పు తనదేనని అమ్మ అంటోంది. “నా కొడుకు మొహం నేనే అమ్ముకున్న” అంటూ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది.

ఆ ఫొటో ఎవరు ఇచ్చారో కనుక్కుని రాయి.

యశోద

*

యూసుఫ్‌గూడ
మార్చి 30

యశోదా,

చదివి చాలా బాధపడ్డాను. వెంటనే ప్రొడక్షన్ మేనేజర్‌తో మాట్లాడాను. ఇద్దరు మనుషులను పంపి పోస్టర్లన్నీ తీయిస్తానన్నాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌ని కూడా అడిగాను. వాళ్లలో ఇద్దరు మానేసి వేరే సినిమాకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు సరిగ్గా గుర్తు లేదంటున్నారు. ఇల్లు సర్దేటప్పుడు గోడ మీది ఫొటో తీసి ఉండవచ్చు అంటున్నారు. ఇలాంటి పొరపాట్లు ఔట్‌డోర్‌లో జరుగుతుంటాయి. అమ్మను బాధపడొద్దని చెప్పు, ఆమెకు ఏం తెలుసు పాపం.

ఆ పోస్టర్ కేవలం సినిమా కోసమేనని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించి, స్టాంప్ వేయించి పంపుతున్నాను. తోట ఆసామికీ, నాగలత వాళ్లకూ చూపించండి. అంతా సర్దుకుంటుంది.

శాంతి

*

గూడెం
ఆగస్టు 9

శాంతికుమార్,

నీ స్టాంపు కాగితం ఆసామికి చూపించాం. “నిప్పు లేనిదే పొగొస్తదా” అని మడిచి ఇచ్చేశాడు. ఇద్దరు మనుషులు ఎవరూ రాలేదు. వానలకు పోస్టర్లు సగం ఊడిపోయాయి. సగం మొహం ఇంకా ఉంది. జైరాం ఇప్పుడు ట్రాక్టర్ మానేసి, పక్క ఊళ్లకు పోకుండా, గూడెంలో దొరికిన పనే చేస్తున్నాడు. బస్సు ఎక్కాల్సి వస్తే మొహానికి తువ్వాలు కట్టుకుంటున్నాడు. దాంతో ఇంకా అనుమానంగా చూస్తారని చెప్పాను. అయినా కట్టుకుంటున్నాడు.

పోయిన నెల అమ్మ నాకు చెప్పకుండా నాగలత వాళ్ల ఇంటికి పోయింది. “తప్పు నాది, నా కొడుకుది కాదు, ఫొటో ఇచ్చింది నేనే” అని వాకిట్లో నిలబడి చెప్పిందట. వాళ్లు లోపలికి రమ్మనలేదు. వచ్చి గోడ మీది ఫొటో తీసి బియ్యం డబ్బాలో పెట్టేసింది.

నీ సినిమా చూశాను. జంపక్క కొడుకు ఫోన్లో వచ్చింది. అబ్బాయి తేనె సీసాతో గుమ్మంలోకి రాగానే ఆపేశాను. కాసేపు బయట కూర్చుని మళ్లీ పెట్టాను.

నీకు గుర్తు లేకపోతే రాస్తాను. క్రిస్మస్ ముందు ఆదివారం, కొత్తగూడెంలో మీ క్వార్టర్. అమ్మ పంపిన తేనె నేను తెచ్చాను. మీ అమ్మ సవరమ్మ గారు ఇద్దరు ఆంటీలతో చర్చి నుంచి వచ్చి “ఎవరు నాయనా ఈ పిల్ల” అంది. “తేనె అమ్మనీకి వచ్చింది మమ్మీ” అన్నావు. ఆమె మంచి మనిషి, బేరమాడలేదు. డబ్బులు నా చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగుతావా అని కూడా అడిగింది. నేను డబ్బులు తీసుకుని బయటికి వచ్చాను. నువ్వు చెప్పులు వేసుకుని వెనకాల వస్తావేమోనని బస్టాండు దాకా మెల్లగా నడిచాను.

సినిమాలో నువ్వు పేదవాడివి అయ్యావు. నన్ను డబ్బున్నదాన్ని చేశావు. గుమ్మంలో నువ్వు మింగిన మాట నా నోట చెప్పించి చప్పట్లు కొట్టించుకున్నావు. పేదరికం కూడా మా దగ్గర కిరాయికి తీసుకున్నావు, ఇల్లు తీసుకున్నట్టే.

మళ్లీ అడగను. ఇదే ఆఖరుసారి. ఫొటో ఎవరు ఇచ్చారు?

యశోద

*

యూసుఫ్‌గూడ
ఆగస్టు 21

యశోదా,

గోడ మీద నుంచి ఎవరూ తీయలేదు. నేనే ఇచ్చాను.

ఈ వాక్యం రాసి రెండు రోజులైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. పోస్టర్లు ప్రింట్ చేసే అతను మధ్యాహ్నం లోపు ఫొటో కావాలన్నాడు. డైరెక్టర్ “అడవి మొహం కావాలి, చూడగానే భయం వెయ్యాలి” అన్నాడు. అందరూ నా వైపు చూశారు, ఆ ప్రాంతం వాణ్ణి నేనే కదా. నువ్వు ఎప్పుడో పంపిన ఫొటో నా ఫోన్లో ఉంది. ‘మా తమ్ముడి కోపం చూడు’ అని రాసి పంపావు. తెరిచి ఇచ్చాను. డైరెక్టర్ నా భుజం తట్టాడు.

నా ఫోన్లో మా అన్న ఫొటోలు చాలా ఉన్నాయి. గడ్డం పెంచుకున్నవి, నిద్ర లేచి ఎర్ర కళ్లతో ఉన్నవి కూడా. నావీ ఉన్నాయి. వాటి మీద నా వేలు ఆగలేదు. జైరాంకి ఏమవుతుందోనని ఆలోచించి, పర్వాలేదులే అనుకుని ఇచ్చి ఉంటే కొంచెం తక్కువ సిగ్గుపడేవాణ్ణేమో. నాకు ఆ ఆలోచనే రాలేదు. మా తాత గనిలో బొగ్గు తట్టలు మోశాడు. మా నాన్న క్రీస్తుదాసు ఫిట్టర్ అయ్యాక మాకు క్వార్టర్ వచ్చింది. మేము ఎక్కింది ఒక్క మెట్టు. ఆ మెట్టు మీద నిలబడి చూస్తే మీ ఇంటి మనిషి మొహం నాకు వాడుకునే వస్తువులా కనబడింది. తేనె తెచ్చిన ఆ ఆదివారం నువ్వూ అలాగే కనబడి ఉంటావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మార్చిలో నీ ఉత్తరం వచ్చినప్పుడు, అమ్మ తన తప్పేననుకుంటోందని చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. ‘హమ్మయ్య’ అనుకున్నాను యశోదా. ఆ తర్వాతే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ గురించి రాశాను. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. లెటర్‌హెడ్ కూడా నేనే టైప్ చేశాను. మనుషులను పంపమని ఎవరికీ చెప్పలేదు, చెబితే ఫొటో సంగతి బయటికి వస్తుందని.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. నాగలత వాళ్ల నాన్నకూ చూపించు. నాకు ఏ శిక్ష వేసినా సరే.

శాంతి

*

గూడెం
సెప్టెంబర్ 2

శాంతీ,

చదివి వినిపించను.

మా అమ్మకు చదువు రాదు. నువ్వు చేసిన తప్పు నా గొంతుతో ఆమె చెవిన పడాలా? సినిమాలోనూ నువ్వు చెప్పాల్సింది నా చేత చెప్పించావు, ఇప్పుడూ అదే అడుగుతున్నావు. నీకు ఇది అలవాటైపోయింది.

మా గూడెంలో తప్పు చేసినవాడు పెద్దల ముందు నిలబడి తన నోటితో చెప్పాలి. కాగితం చెల్లదు, మధ్యవర్తి చెల్లడు. చెప్పాక నష్టపోయిన ఇంటివాళ్లు నీళ్లు ఇస్తే తాగాలి. తాగితే ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఇవ్వకపోతే ఎండిన నోటితోనే వెనక్కి పోవాలి. రెండిట్లో ఏదవుతుందో ముందే ఎవరూ చెప్పరు.

రెండో ఆదివారం పెద్దలు కూర్చుంటారు. నాగలత వాళ్లకు కబురు పంపాను. నీకు ఆ రోజు చర్చి ఉంటుందని తెలుసు.

యశోద

*

యూసుఫ్‌గూడ
సెప్టెంబర్ 7

యశోదా,

వస్తున్నాను. చెప్పేటప్పుడు గొంతు పోతే మధ్యలో అందుకోకు.

శాంతి

*

గూడెం
అక్టోబర్ 4

శాంతీ,

జైరాం పెళ్లి మాఘంలో పెట్టుకున్నారు. అది నీకు ముందు తెలియాలని రాస్తున్నాను. నాగలత వాళ్ల నాన్న ఆ రోజు లేచి వెళ్లిపోయాడు కదా. వారం తర్వాత తనే వచ్చాడు. “అంత సదువుకున్నోడు అందరి ముంగట నిలవడి నేనే దొంగనన్నడు, ఇంకేం గావాలె” అన్నాడట. తోట ఆసామి కూడా కబురు పంపాడు. జైరాం ఆయన దగ్గరికి పోనన్నాడు, వేరే ట్రాక్టర్ చూసుకుంటున్నాడు. ఆ రోజు మిగిలిన పోస్టర్లు నువ్వు గీకుతానన్నప్పుడు వాడు చాకు ఇవ్వకపోవడానికి నీ మీద కోపం కారణం కాదు. తన మొహం తనే తీసుకోవాలనుకున్నాడు. నీతో వచ్చి నిలబడ్డాడు కదా, అది చాలనుకో.

నువ్వు చెబుతుంటే రెండుసార్లు ఆగావు. నేను అందుకోలేదు. అమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. “అన్నం తిని పో బిడ్డా, బస్సు ఆలస్యమైతది” అంది. నువ్వు ఏడుస్తూ తిన్నావు. ఇవన్నీ నీకు తెలుసు. నీకు తెలియనిది ఇప్పుడు రాస్తాను.

నీ బస్సు పోయింది. పెద్దలు ఇంకా లేవలేదు. నేను లేచి నిలబడ్డాను.

ఆ ఫొటో నువ్వే ఇచ్చావని నాకు మొదటి రోజే తెలుసు. పోస్టర్ ఎడమ మూలన చిన్న గుడ్డ అంచు ఉంది, చూశావా? అది నా చున్నీ. ఫొటో తీస్తుంటే గాలికి అడ్డం వచ్చింది. భద్రాచలంలో ప్రింట్ వేసినతను ఆ అంచు కోసేశాడు, కాబట్టి మా గోడ మీది ఫొటోలో అది లేదు. అంచు ఉన్న ఫొటో నా ఫోన్లో ఉంది, నీ ఫోన్లో ఉంది. ఇంకెక్కడా లేదు. బస్ షెల్టర్ దగ్గర నిలబడి ఆ అంచు చూసిన రోజే నాకు అంతా అర్థమైంది.

అమ్మతో చెప్పాలంటే ఫొటో నీకు ఎందుకు పంపానో చెప్పాలి. మూడేళ్లు చెప్పాలి, తేనె చెప్పాలి. ఆ రోజు మీ ఇంటి నుంచి వచ్చి ‘నా స్నేహితురాలి ఇంటివాళ్లు తేనె బాగుందన్నారు’ అని అమ్మకు చెప్పాను. డబ్బులు ఎక్కడివంటే బలవంతంగా ఇచ్చారన్నాను. నువ్వు నన్ను తేనె అమ్మేదాన్ని చేశావని ఎవరికీ తెలియకూడదని అనుకున్నాను. నీకు నేనంటే సిగ్గు అయితే, నాకు ఆ సిగ్గు బయటపడడం సిగ్గు. అందుకే నీ చేత ఒప్పించాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. నువ్వు ఒప్పుకుంటే నేను చెప్పే పని ఉండదని లెక్క వేసుకున్నాను. ఆరు నెలలు అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోతుంటే ఎదురుగా కూర్చుని తిన్నాను. ఆమె నాగలత వాకిట్లో నిలబడి వచ్చిన రోజు కూడా కాళ్లకు నూనె రాశాను తప్ప నోరు తెరవలేదు. నర్సును కదా, సేవ చేయడం వచ్చు.

అదంతా పెద్దల ముందు చెప్పాను. అందరూ అమ్మ వైపు చూశారు. చెంబు ఆమె పక్కనే ఉంది, అందులో నీళ్లూ ఉన్నాయి.

అమ్మ మా భాషలో అన్నది. తెలుగులో రాస్తే ఇట్లా ఉంటుంది: “ఆ పిలగాడు పరాయోడు. హైదరాబాద్‌ల కూసొని అబద్ధమాడిండు, నా ఏడుపు ఆయనకు కనబడలే. నువ్వు చూసుకుంట కూసున్నవు.”

తర్వాత లేచి ఇంట్లోకి పోయింది. గోడకు ఫొటో మళ్లీ తగిలించింది. అన్నం తింటోంది, జైరాంతో నవ్వుతోంది, పెళ్లికి ఎవరెవరిని పిలవాలో జంపక్కతో మాట్లాడుతోంది. నీ పేరు కూడా చెప్పింది, ఆ పిలగాణ్ణి పిలవాలని. నాకు రోజూ పళ్లెంలో అన్నం పెడుతోంది. నీళ్లు మాత్రం నేనే ముంచుకుంటున్నాను.

యశోద